మోటారు ప్రయాణము – మజిలీలు

మదనపల్లె నుండి పుంగనూరు మీదుగా కుప్పము వరకును, పిదప కనుమ దిగి సముద్రతీరము వరకును, మోటారులో గుడారము వేసికొని పోవలయునని ఉబలాటపడు కుటుంబములు నేడు పెక్కు. మగవారు పటము విప్పి దూరములు లెక్కింతురు. చీకటి పడునప్పటికి పసిబిడ్డలతో ఎచ్చట నుందుమను ప్రశ్న మాత్రము మనదే. కావున సోదరీమణులారా, ముందుగా మజిలీలు నిర్ణయింపుడు. దారి వానిని బట్టి కుదురును.

మొదటి మజిలీ హార్స్లీ కొండ. మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్లు. ఎత్తు 4,000 అడుగులకు పైమాటే. కడప కలెక్టరు హార్స్లీ 1870 ప్రాంతమున ఇచ్చట గృహము కట్టించుకొనుటచే ఈ పేరు వచ్చినది. పూర్వనామము ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ యను నామెను ఏనుగులు ఆహారము తెచ్చి పోషించెనని జనశ్రుతి. ఆ పేరే నాకు ఇంపు. అనుమతి గల తావుననే గుడారము వేయింపుడు. ఉన్ని దుప్పట్లు మరువకుడు.

కొండ దిగి మదనపల్లెలో ఒకపూట నిలువవలయును. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు ఇచ్చటి బీసెంటు దివ్యజ్ఞాన కళాశాలలో బసచేసి, జనగణమన గీతమును ఆంగ్లమున అనువదించెను. స్వరములు వ్రాసి పెట్టుటకు తోడ్పడినది మార్గరెట్ కజిన్స్. 1927లో అఖిలభారత మహిళాసభ వెలయుటకు పాటుపడిన విదుషి ఆమెయే. పుంగనూరులో మూడడుగులకు మించని పొట్టి ఆవులను పిల్లలకు చూపింపుడు. వాని పాలలో వెన్న మెండు.

పలమనేరు దాటి కుప్పము పోవు దారియే ఈ ప్రయాణమున అసలు చిక్కు. ఇరువైపుల అడవి, గుట్టలు, చెరువులు. ఎచ్చటనైనను గుడారము దింపుదమనిపించును. దింపరాదు. చిరకాలము కానరాని ఏనుగులు 1980 దశాబ్దమున పొరుగు రాష్ట్రముల అడవుల నుండి ఇటు వచ్చి నిలిచినవి. 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడినది. అది మొదలు వరి, చెఱకు, అరటి తోటల కొఱకు రైతునకును ఏనుగునకును పోరు. ఇరువైపుల ప్రాణములు పోయినవి. కందకములు త్రవ్విరి; తీగలు కట్టిరి; 2025లో కర్ణాటకము నుండి శిక్షణ పొందిన ఏనుగులను తెప్పించిరి. మన వంటమూటలోని బెల్లము, అరటిపండ్ల వాసన ఏనుగునకు బహుదూరమునకే తెలియును. మనము వినోదమునకై వెలిగించు నెగడు, రాత్రి తెల్లవార్లు పంట కాచుకొను ఇల్లాలికి మరియొక బెడద. పొద్దుండగనే కుప్పము చేరి, ఊరిలోనే బస చూచుకొనుడు. తెలుగు, కన్నడము, తమిళము ఒక్క అంగడిలోనే వినవచ్చు ఆ ఊరి సంధ్య గుడారమునకు తీసిపోదు.

మరునాడు పలమనేరునకు మరలి, మొగిలి కనుమ దిగి, చిత్తూరు, తిరుపతి మీదుగా సూళ్లూరుపేట చేరవలయును. ఇచ్చటను గుడారపు మాట వలదు. పక్షులకు సందడి సరిపడదు. కార్తీక మార్గశిరములలో ఈ తీరమునకు తుపానుల భయము. జనవరి చివర వెళ్లుట మేలు. వాన వెనుకబడును, నేలపట్టులో గూడబాతుల గూళ్లు ఇంకను ఖాళీ కావు. తెల్లవారుజామున చేరినచో, పులికాటు సరస్సున వేటాడి తెచ్చిన చేపలను తల్లిపక్షులు పిల్లల నోటికందించుట చూడవచ్చును.