చేప మంచిదే... మరి మూకుడు?

కిందటేడు మాఘమాసంలో మా వారి గుండెకు స్టెంటు వేశారు. ఇంటికి పంపిస్తూ డాక్టరుగారు నాతో, "మాంసం తగ్గించి చేప పెట్టండమ్మా, కూరగాయలు బాగా పెట్టండి" అన్నారు. అంతే, నేను దీక్ష పట్టాను. వారానికి నాలుగు రోజులు చేప, రోజూ రెండు కూరలు. తీరా శ్రావణంలో మళ్ళీ రక్తపరీక్ష చేయిస్తే ఏముంది? కొలెస్టరాల్ దిగాల్సినంత దిగలేదు. పైగా ఆయన మూడు కిలోల బరువు పెరిగారు! నాకు ఏడుపొకటే తక్కువ.

డాక్టరుగారు ఆ కాగితం పక్కన పెట్టి, "ఇంతకీ ఎలా వండుతున్నారమ్మా?" అన్నారు.

"వేపుడండీ" అన్నాను. చేప వేపుడు, బెండకాయ వేపుడు, దొండకాయ వేపుడు, బంగాళాదుంప వేపుడు... చెబుతుంటే నాకే సిగ్గేసింది. మా వారికి ముక్క కరకరలాడకపోతే ముద్ద దిగదు మరి!

సరిగ్గా ఆ వారంలోనే నరసాపురం నుంచి మా మేనత్త ఫోను. "గోదారికి ఎర్రనీరొచ్చిందే అమ్మాయ్, అల్లుణ్ణి తీసుకుని వచ్చి నాలుగు రోజులుండి పో" అని. సికింద్రాబాదులో రాత్రి రైలెక్కాం. తెల్లారేసరికి కిటికీలోంచి పచ్చటి వరిచేలు, కొబ్బరితోటలు, చేపల చెరువులు. మనసు సగం తేలికపడింది.

బజారులో బేరం

నరసాపురం అనగానే మనకు లేసు గుర్తొస్తుంది. అత్తయ్య వాళ్ళ వీధిలో ఇప్పటికీ మధ్యాహ్నమైతే అరుగుల మీద ఆడవాళ్ళు కబుర్లు చెప్పుకుంటూ సూదితో లేసు అల్లుతూనే ఉంటారు. కానీ పొద్దున్నపూట ఆ ఊరు చేపలదే. వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న ఊరాయె, సముద్రమూ దగ్గరే. బజారులో ఒక పక్క చెరువు చేపలు బొచ్చె, శీలావతి. ఇంకో పక్క సముద్రపు చేపలు చందువా, వంజరం, కానాగంతలు, నెత్తళ్ళు. శ్రావణం కాబట్టి పులస కూడా కనిపించింది. సముద్రంలో ఉన్నప్పుడు దాన్నే విలస అంటారు. వరదనీటికి ఎదురీదుతూ గోదాట్లోకి వచ్చాక పులస అవుతుంది. ఖరీదు వేలల్లో చెబుతున్నారు.

"పుస్తెలమ్మి అయినా పులస తినాలన్నారు కదమ్మా, తీసుకోండి" అంది చేపలావిడ నవ్వుతూ.

"ఆ పుస్తెలు నిలబడాలనే కదమ్మా నా తాపత్రయం!" అన్నాను. అత్తయ్య నా చెయ్యి నొక్కింది. మా వారు మాత్రం వినపడనట్టు మొహం తిప్పుకున్నారు.

పులస జోలికి పోకుండా కానాగంతలు తీసుకున్నాం. అత్తయ్య మొప్ప ఎత్తి ఎర్రగా ఉందో లేదో చూసింది, కన్ను తేటగా ఉందో లేదో చూసింది, వేలితో నొక్కి గుంట పడకుండా ఉంటేనే బుట్టలో వేయించింది. ఇది పట్టింపు కాదండోయ్, ఆరోగ్యం. కానాగంతల వంటి చేపలు ఐసు లేకుండా ఎండలో పడి ఉంటే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. అది తింటే మొహం ఎర్రబడి, దద్దుర్లు లేస్తాయి. ఎంతసేపు ఉడికించినా అది పోదు. కాబట్టి ఆరోగ్యకరమైన వంట పొయ్యి దగ్గర కాదు, బజారులోనే మొదలవుతుంది.

ఇంకో సంగతి. గుండెకు మంచిదని చెప్పే ఒమేగా-3 కొవ్వు పులసలోనూ, చవగ్గా దొరికే కానాగంతల్లోనూ బాగా ఉంటుంది. బొచ్చె, శీలావతుల్లో తక్కువ. ఖరీదైనదే మంచిదనుకోవడం మన భ్రమ!

మట్టిదాక మహిమ

ఇంటికి రాగానే నేను అలవాటుగా మూకుడు అందుకోబోయాను. అత్తయ్య లాగేసుకుంది. "చేప మంచిదేనే, నీ మూకుడే మంచిది కాదు" అని మట్టిదాక దించింది.

అత్తయ్య చదివింది అయిదో తరగతి. కానీ ఆ మాటలో పెద్ద శాస్త్రమే ఉంది. పులుసు ఎంత తెర్లినా దాని వేడి నూరు డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మూకుట్లో కాగే నూనె వేడి నూటఎనభై దాకా పోతుంది. ఆ వేడికి ఒమేగా-3 కొంత దెబ్బతింటుంది, కొంత నూనెలోకి జారిపోతుంది, దాని బదులు ముక్క నూనె పీల్చుకుంటుంది. పులుసులో అయితే ముక్కలోంచి దిగిందేదైనా పులుసులోనే ఉంటుంది, అన్నంలో కలుపుకుని తినేస్తాం. ఒక పెద్ద చెంచా నూనె అంటే సుమారు 125 కాలరీలు. మా వారి మూడు కిలోలు ఎక్కణ్ణుంచి వచ్చాయో అప్పటికి లెక్క తేలింది.

అమెరికాలో 65 ఏళ్ళు, ఆపై వయసున్న వేలమందిని ఏళ్ళ తరబడి గమనించి 2003లో ఒక పరిశీలన వెలువరించారు. నూనెలో వేయించకుండా కాల్చి, బేక్ చేసి చేప తిన్నవాళ్ళలో గుండెజబ్బు మరణాలు తక్కువగా కనిపించాయి. వేయించిన చేప తిన్నవాళ్ళలో ఆ మేలు కనిపించలేదు. అక్కడి చేపలు వేరు, మన చేపలు వేరు అనుకోండి. అయినా నాకు ఒళ్ళు జలదరించింది. ఆరు నెలలపాటు మందు అనుకుని నేను పెట్టిందేమిటి మరి?

అత్తయ్య పులుసు తెర్లాక ముక్కలు వేసి, గరిటె పెట్టకుండా దాక చెవులు పట్టుకుని అటూ ఇటూ ఊపింది. మా వారు మొదటి ముద్ద అనుమానంగానే పెట్టుకున్నారు. రెండోసారి పులుసు అడిగారు. మూడోసారి అడగలేదు, దాక దగ్గరికి జరుపుకున్నారు!

పంటు దాటి అంతర్వేదికి

మర్నాడు అంతర్వేది ప్రయాణం. నరసాపురం రేవులో పంటు ఎక్కితే అవతల సఖినేటిపల్లి. మనుషులు, మోటారు సైకిళ్ళు, ఆటోలు అన్నీ ఆ పంటు మీదే. వరద ఉధృతంగా ఉంటే ఆపేస్తారట. మా అదృష్టం, ఆ రోజు నడిచింది. లక్ష్మీనరసింహస్వామి దర్శనం చేసుకుని, గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ళ గట్టు చూశాం. ఇటు ఎర్రటి గోదారి నీరు, అటు నీలి సముద్రం, మధ్య గీత గీసినట్టు తేడా! మా వారు చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. "నువ్వు పెట్టింది తింటాలే ఇకనుంచి" అన్నారు చివరికి. నేను సముద్రం వైపు చూస్తూ ఊఁ కొట్టాను. ఇంకేమన్నా అంటే ఏడ్చేసేదాన్ని.

గుడికి వెళ్ళిన రోజు కాబట్టి ఇంట్లో చేప ముట్టలేదు. కంద బచ్చలి కూర, టమాటా పప్పు. అక్కడ తెలిసింది కూరగాయల సంగతి. అత్తయ్య కందని చింతపండు వేసి ఉడికించి, నీళ్ళు వార్చేసింది. అది సరే, కంద దురదకు కారణమైన ఆక్సలేట్ కొంత అలా పోతుంది. కానీ బచ్చలాకు కూడా తరిగాక కడిగి, గిన్నెడు నీళ్ళలో ఉడికించి ఆ ఆకుపచ్చ నీళ్ళు తూములో పోసేసింది! విటమిన్ సి నీళ్ళలో కరిగేది, వేడికి తగ్గిపోయేది. కడిగాక తరిగి, మూతపెట్టి, ఆకులోని తడితోనే మగ్గిస్తే చాలావరకు నిలుస్తుంది. ఆకు పచ్చగా ఉంటుందని కొందరు సోడా ఉప్పు వేస్తారు. రంగు నిలుస్తుంది గానీ విటమిన్లు పోతాయి.

అలాగని నూనె అసలు వద్దని కాదు. ఆకుకూరల్లో, గుమ్మడిలో, కారట్‌లో విటమిన్ ఎ గా మారే కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కాస్త నూనె కావాలి. పోపుకి వేసే చెంచా నూనె చాలు. టమాటాలో ఉండే లైకోపీన్ అయితే ఉడికించాకే ఒంటికి బాగా పడుతుంది. పచ్చివే మంచివి, ఉడికినవే మంచివి అని ఒకే మాట అన్నిటికీ చెల్లదన్నమాట. బంగాళాదుంపని మాత్రం నల్లగా మాడేలా వేయించకండి. పిండిపదార్థం అంత వేడికి మాడితే అక్రిలమైడ్ అనే హానికర పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు బయటపెట్టారు.

అత్తయ్యకూ ఒక పాఠం

అత్తయ్య వంటంతా అమృతమనుకోకండి. కట్టెలపొయ్యి మీద వండితేనే రుచి అంటుంది. వంటింటి గోడలు నల్లబడిపోయాయి, ఆవిడకు దగ్గు ఆగదు. ఆ పొగ ఊపిరితిత్తులకు శత్రువు. "అదే మట్టిదాక గ్యాసు మీద సన్నటి సెగన పెట్టు అత్తయ్యా, రుచి ఎక్కడికీ పోదు" అని బతిమాలి, పక్కన దుమ్ముపట్టిన గ్యాసు పొయ్యి తుడిచి వెలిగించాను. ఎండు నెత్తళ్ళు నానబెట్టకుండా వండేస్తుంది, మామయ్యకేమో బీపీ! రోజుకి మనిషికి ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా దాటకూడదు. ఎండుచేపల్ని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, రెండు మూడుసార్లు కడిగితే ఉప్పు చాలా దిగిపోతుంది. ముల్లుతో సహా నమిలే చిన్న చేపలు కాబట్టి కాల్షియం ఎటూ దక్కుతుంది. "నాకు నేర్పడానికొచ్చావుటే!" అని కసురుకుంది గానీ, మర్నాడు నెత్తళ్ళు గిన్నెలో నానుతూ కనిపించాయి.

ఇంటికొచ్చాక

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2024 మేలో కొత్త ఆహార సూత్రాలు విడుదల చేశారు. మొత్తం 17. ఒకసారి కాచిన నూనెను మళ్ళీ మళ్ళీ కాచవద్దని అందులోనూ ఉంది. నేనేమో వేపిన నూనె వడగట్టి డబ్బాలో దాచి వారమంతా వాడేదాన్ని, పొదుపనుకుని! ఇప్పుడు ఆ డబ్బా లేదు. వేపుడు పూర్తిగా మానలేదు, నెలకొకసారి, పెనం మీద రెండు చెంచాల నూనెతో. మొన్న పరీక్షలో కొలెస్టరాల్ కొంచెం దిగింది. అది మందుల వల్లా, పులుసు వల్లా అని అడిగితే నేను చెప్పలేను. మందులు మాత్రం ఒక్కపూట కూడా మాన్పించలేదు, మీరూ మాన్పించకండి. మూకుడు మాత్రం అటకెక్కింది.

అత్తయ్య కానాగంతల పులుసు

అరకిలో చేప ముక్కలకు పసుపు, చిన్న చెంచాలో ముప్పావు వంతు ఉప్పు, రెండు చెంచాల కారం పట్టించండి. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి రసం తీయండి. మట్టిదాకలో రెండు పెద్ద చెంచాల నూనె వేసి, చిటికెడు మెంతులు, కరివేపాకు, చీల్చిన నాలుగు పచ్చిమిర్చి, రెండు ఉల్లిపాయల ముద్ద వేసి పచ్చివాసన పోయేదాకా మగ్గించండి. చింతపండు రసం, రెండు గ్లాసుల నీళ్ళు, ఆరు బెండకాయలు వేసి తెర్లనివ్వండి. ముక్కలు వేసి మూతపెట్టి, సన్నటి సెగన పావుగంట. గరిటె వద్దు, దాకని ఊపండి. మర్నాటికి రుచి పెరుగుతుంది కానీ, మిగిలింది చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు బాగా మరిగించుకోండి. వాసనకే మీ వారు వంటింట్లోకి వచ్చేస్తారు, చూడండి!