కృష్ణబిలం ఎంత మింగిందో లెక్క చెప్పే ఎక్స్‌రేలు

వెలుగునైనా బయటికి పోనివ్వని కృష్ణబిలం ఎంత మింగుతోందో, ఎంత వేగంగా పెరుగుతోందో ఇక్కడి నుంచే లెక్క కట్టొచ్చట! ఈ సంగతి తెలిసినప్పటి నుంచీ నాకు వేరే ధ్యాస లేదు.

ఆధారం ఎక్స్‌రేలు. బిలం చుట్టూ సుడి తిరుగుతూ లోపలికి జారే వాయువు కాగిపోయి అతినీలలోహిత కాంతిని చిమ్ముతుంది. బిలానికి దగ్గర్లోనే ఉండే, ఆ వాయువుకన్నా ఎన్నో రెట్లు వేడైన ‘కరోనా’ అనే మేఘం ఆ కాంతికి శక్తినిచ్చి ఎక్స్‌రేలుగా మారుస్తుంది. ఎంత మింగితే అంత వెలుగు. మింగినదాంట్లో సుమారు పదో వంతు వెలుగై పోతుంది, మిగతాది బిలం బరువులో కలుస్తుంది. చుట్టూ దుమ్ము కమ్ముకున్నా బలమైన ఎక్స్‌రేలు దాన్ని దాటి వచ్చేస్తాయి.

కానీ మన గాలి వాటిని నేలదాకా రానివ్వదు. పైకెళ్లి చూడాల్సిందే. అలా వెళ్లిన మన అంతరిక్ష టెలిస్కోపు ఆస్ట్రోశాట్ ఎగిరింది మా నెల్లూరు తీరం నుంచే! 2015 సెప్టెంబర్ 28న పీఎస్‌ఎల్‌వీ-సీ30 దాన్ని శ్రీహరికోట నుంచి 650 కిలోమీటర్ల ఎత్తుకు చేర్చింది. (2022లో అక్కడి రాకెట్ కేంద్రం షార్ తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, నెల్లూరోళ్లకు అది ఎప్పటికీ మన షారే.) అతినీలలోహితాన్నీ ఎక్స్‌రేలనూ ఒకేసారి చూడగలగడం దాని గొప్ప. ఐసీ 4329ఏ గెలాక్సీ నడిమధ్యనున్న కృష్ణబిలాన్ని పుణెలోని ఖగోళ పరిశోధన సంస్థ అయూకా శాస్త్రవేత్తలు అలాగే పరిశీలించారు. 2024 జనవరి 1న శ్రీహరికోట నుంచే ఎక్స్‌రేలను చూసే ఎక్స్‌పోశాట్ కూడా వెళ్లింది.

ఇక నన్ను నిద్రపోనివ్వని లెక్క. బిలం అతిగా మింగబోతే పుట్టే వెలుగే వాయువును వెనక్కి నెడుతుంది. అదే ఎడింగ్టన్ హద్దు. ఆ హద్దులో ఎంత గట్టిగా మింగినా బరువు రెట్టింపు కావడానికి సుమారు 3 కోట్ల ఏళ్లు పడుతుంది. అచ్చం చక్రవడ్డీ. మరి యూహెచ్‌జెడ్1 గెలాక్సీ సంగతి? చంద్ర ఎక్స్‌రే టెలిస్కోపు అందులో పట్టిన కృష్ణబిలం గురించి 2023లో ప్రకటించారు. మహావిస్ఫోటం జరిగిన 47 కోట్ల ఏళ్లకే దాని బరువు కోటి నుంచి పది కోట్ల సూర్యులంత! పది సూర్యుల బరువున్న నక్షత్ర శవంతో మొదలుపెడితే కోటికి చేరడానికే 20 రెట్టింపులు, అంటే 60 కోట్ల ఏళ్లు కావాలి. అంత కాలమే గడవలేదు! హద్దు మీరి మింగి ఉండాలి, లేదా భారీ వాయు మేఘమే నేరుగా కుప్పకూలి వేల సూర్యుల బరువుతో పుట్టి ఉండాలి. కోయంబత్తూరులో పుట్టిన ఖగోళ శాస్త్రవేత్త ప్రియంవద నటరాజన్ రెండోదాన్నే సమర్థిస్తారు. నాకూ అదే నమ్మాలనిపిస్తోంది.

నెల్లూరు, గూడూరు, కావలి కాలేజీల్లో ఫిజిక్స్ చదివే పిల్లలూ, ఆస్ట్రోశాట్ పంపిన డేటాను ఇస్రో 2018 నుంచి అందరికీ ఉచితంగా ఇస్తోంది. మిద్దెలెక్కి రాకెట్లు చూసి చప్పట్లు కొట్టింది చాలు, అవి పైకి మోసుకెళ్లిన టెలిస్కోపులు ఏం చూశాయో తెరిచి చూడండి.