పన్ను నొప్పి ఆగిపోతే తగ్గినట్టేనా?

కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మనం ఓర్చుకోవడంలో గట్టివాళ్ళం. కాల్లో ముల్లు దిగినా, జ్వరం కాసినా "ఏం కాలేదు" అంటాం. హాస్టల్లో పన్ను నొప్పి వచ్చినా అంతే. లవంగం పెట్టుకుని, పారాసెట్మాల్ వేసుకుని పడుకుంటాం. కొన్నాళ్ళకి నొప్పి ఆగిపోతుంది. తగ్గిపోయింది అనుకుంటాం. చాలాసార్లు అది తగ్గడం కాదు, పన్ను లోపలి నరం చచ్చిపోవడం.

పన్ను పైపొర ఎనామిల్‌లో నరాలు ఉండవు. అందుకే పుచ్చు మొదలైనప్పుడు ఏమీ తెలీదు. దాని కింద పొర డెంటిన్. అందులో కంటికి కనబడనంత సన్నటి గొట్టాలు, వాటి నిండా ద్రవం ఉంటుంది. పుచ్చు అక్కడిదాకా వస్తే, చల్లనీళ్ళు తగలగానే ఆ ద్రవం కదిలి నరాన్ని తడుతుంది. పన్ను జివ్వుమనేది అందుకే.

జివ్వుమన్నది ఎంతసేపు ఉందో చూసుకోండి. కొన్ని సెకన్లలో పోతే నరం కోలుకునే అవకాశం ఉంది, ఫిల్లింగ్‌తో సరిపోవచ్చు. నిమిషాల తరబడి నిలిచినా, ఏమీ తగలకుండానే వచ్చినా, రాత్రి పడుకోగానే సలిపినా నరం బాగా వాచినట్టు. అప్పుడు చాలావరకు రూట్ కెనాల్, లేదంటే పన్ను పీకడమే. నరం చచ్చాక నొప్పి ఉండకపోవచ్చు గానీ వేరు కింద చీము పడుతుంది. ముఖం వాచి జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇంకో మాట. మన అమ్మమ్మలు, తాతలు కువిలోనో, గోండిలోనో, కోయలోనో తమ నొప్పిని వివరంగా చెప్తారు. తోడు వెళ్ళిన మనం "నొప్పంట సార్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే డాక్టర్‌కి సగమే అందుతుంది. చల్లదానికా, వేడిదానికా, నమిలితేనా, ఎంతసేపు, నిద్రలో లేపుతోందా, అన్నీ అడిగి చెప్పాలి. నొప్పి ఆగిపోయి ఉంటే అది కూడా చెప్పాలి.

మత్తు ఇంజెక్షన్ నరం కబురు మెదడుకి వెళ్ళకుండా ఆపుతుంది. వాచిన చోట మత్తు సరిగ్గా ఎక్కకపోవచ్చు. అప్పుడు పళ్ళు బిగబట్టి ఓర్చుకోకండి, చెయ్యెత్తండి. ఇంకొంచెం మత్తు ఇస్తారు.

ఫిల్లింగ్ అయ్యాక కొన్నాళ్ళు చల్లదానికి జివ్వుమనడం మామూలే. కరిస్తే నొప్పి పుడితే ఫిల్లింగ్ ఎత్తుగా ఉండొచ్చు. మళ్ళీ వెళ్తే అరగదీసి సరిచేస్తారు.

కొండెక్కడానికి ఓర్పు కావాలి. డాక్టర్ కుర్చీలో కూర్చున్నప్పుడు మాత్రం నోరు విప్పి చెప్పడమే మేలు.