గెలుపు వెనుక చేతులు

ఢిల్లీలోని కరోల్ బాగ్‌లో, నాయీవాలా సందులలో, మోటారు సైకిళ్ళను విప్పి మళ్ళీ బిగించే చేతులు ఎన్నో ఉన్నాయి. బండి దూసుకుపోతుంటే జనం నడిపేవానినే చూస్తారు. నట్టు బిగించినవాడు ఎవరికీ గుర్తుండడు. అమెరికాలోని స్టాక్ కారు పందేలలో మాత్రం ఆ మనిషికి ఒక హోదా ఉంది. కారును సిద్ధపరచి, టైర్లు ఎప్పుడు మార్చాలో, ఇంధనం ఎప్పుడు నింపాలో నిర్ణయించే ‘క్రూ చీఫ్’ ఆయనే. అటువంటివారిలో కొందరు క్రమంగా జట్టుకే యజమానులైనారు.

మన దేశంలో ఆ కోవకు దగ్గరగా వచ్చినవారు కోయంబత్తూరు వాసి ఎస్. కరివర్ధన్. లక్ష్మీ మిల్లును స్థాపించిన తెలుగు నాయుళ్ళ కుటుంబంలో పుట్టినా, ఆయన మనసు నూలును విడిచి ఇంజను మీద నిలిచింది. మద్రాసు దగ్గర షోళవరంలో, యుద్ధకాలపు పాత రన్‌వే మీద జరిగే పందేలలో ఆయన స్వయంగా పాల్గొనేవారు. పందెపు కారు శ్రీమంతుల సొత్తుగా ఉన్న ఆ రోజుల్లో, 1988లో, మారుతి ఇంజనుతో నడిచే చౌకైన ఒంటిసీటు కారును రూపొందించారు. మధ్యతరగతి కుర్రవానికి సైతం పందెపు బాట తెరుచుకున్నది.

నారాయణ్ కార్తికేయన్ తొలి అడుగులు వేసింది ఈ మారుతి ఇంజను కార్లలోనే. 2005లో ఫార్ములా వన్‌లో పోటీచేసిన తొలి భారతీయుడైన ఆయన, 2010లో అమెరికాలో నాస్కార్ ట్రక్కు పందేలలోనూ పాల్గొన్నారు.

అదంతా చూడడానికి కరివర్ధన్ లేరు. 1995లో విమాన ప్రమాదం ఆయనను బలిగొన్నది. కోయంబత్తూరు సమీపంలోని పందెపు బాటకు ఆయన పేరే పెట్టారు. నట్టు బిగించిన చేతిని లోకం గుర్తుంచుకున్న అరుదైన సందర్భాలలో అది ఒకటి.