పురానాపూల్ వద్ద రెండు చిత్రాలు

'నా చిన్నతనంలో మూసీ నిండుగా పారేది' అని తరగతిలో ఏటేటా చెప్పుట నాకు అలవాటు. ఆ మాటను నేనెన్నడూ శంకించలేదు.

నిరుడు రంజానుకు ముందు ఇల్లు సర్దుచుండగా పాత ఛాయాచిత్రమొకటి దొరికింది. పురానాపూల్ చెంత అబ్బాజాన్ వ్రేలు పట్టుకొని నేను నిలిచి ఉన్నాను. వెనుక ఆయన చేవ్రాలుతో '1997 డిసెంబరు, పురానాపూల్' అని ఉన్నది. మా వెనుక నిండు నది లేదు. గడ్డి మొలచిన మేటల నడుమ సన్నని నీటిచాలు మాత్రమే ఉన్నది.

ఆలోచింపగా కారణం బోధపడింది. 1908 సెప్టెంబరు 28 నాటి ఘోర వరద పిమ్మట, విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఎగువన జలాశయాలు వెలసినవి. ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తియైనవి. నగరాన్ని కాపాడిన ఆ కట్టలే నదిని సన్నగిల్లజేసినవి. నేను చూచిన నిండుదనం ఏ వానకాలపు నాటిదో!

ఆ డిసెంబరులోనే మరల అక్కడికి వెళ్లాను. పాత చిత్రంలో వంతెన కమాను ఒకటి అబ్బాజాన్ భుజానికి ఆనినట్లుండును. ఆ ఆనవాలు కుదిరేవరకు ముందుకు వెనుకకు జరిగి రెండవ చిత్రం తీశాను. వింత ఏమనగా, ఇందులో నీరే ఎక్కువ! కాని అది నగరపు మురుగునీరు. ఆ దుర్గంధం చిత్రానికెక్కదు. కనుక చిత్రంతోపాటు నాలుగు మాటలు వ్రాసి ఉంచుట అవసరమని తెలిసికొన్నాను.

అమెరికాలో కొలరాడో నది లోయను 1889-90లలో రైలుమార్గపు సర్వే కొరకు చిత్రించారు. నూరేండ్ల తరువాత శాస్త్రజ్ఞులు అవే తావులలో నిలిచి మరల చిత్రాలు తీసి, ఇసుకతిన్నెలలో, చెట్టుచేమలలో వచ్చిన మార్పులను గుర్తించారు. దానికి కావలసినవి ఒకే చోటు, ఒకే దిక్కు, ఒకే ఋతువు, ఓర్పు.

ఇప్పుడు మా కాప్రా చెరువు గట్టుపై ఒక రాతిని గురుతు పెట్టుకొన్నాను. ప్రతి నెల మొదటి ఆదివారం ఉదయం అక్కడినుండి ఒక చిత్రం తీసి, తేదీ, నీటి రంగు, వాసన, ముందునాళ్ల వానల సంగతి వ్రాసి ఉంచుచున్నాను.

విద్యార్థులారా! మీ చేతులలోని ఫోనులలో వేల చిత్రాలున్నవి. మీ ఇంటి దగ్గరి వాగునో చెరువునో ఒకే తావునుండి ఏటేటా తీసి ఉంచుడు. అబ్బాజాన్ నేడు లేరు. ఆయన శాస్త్రజ్ఞుడు కారు; చిత్రం వెనుక తేదీ, చోటు వ్రాసినారు, అంతే. ఆ ఒక్క పంక్తి వలననే నా అబద్ధం నాకు తెలిసినది.