చెట్టు మీద చిన్ననాటి రుచి

నగరంలో పెరిగినవాళ్లకు చిన్ననాటి తిండి అంటే ఫ్రిజ్‌లోంచి తీసి వేడి చేసుకున్న పిజ్జా కావచ్చు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో అది చెట్టు మీద దొరుకుతుంది. పేరు చాపడా. అంటే ఎర్రచీమల పచ్చడి.

మామిడి, సాల చెట్ల ఆకులను కలిపి కుట్టి చీమలు గూళ్లు కట్టుకుంటాయి. ఆ గూళ్లు దులిపి, చీమలను గుడ్లతో సహా ఉప్పు, మిరపకాయలు వేసి నూరితే పచ్చడి సిద్ధం. చింతపండు అక్కర్లేదు. చీమల్లోని ఫార్మిక్ ఆమ్లమే నాలుకను జివ్వుమనిపిస్తుంది. జగదల్‌పూర్ చుట్టుపక్కల వారపు సంతల్లో ఆడవాళ్లు చీమలను ఆకు దొప్పల్లో పోసి అమ్ముతారు. పచ్చడికి జత సొరబుర్రలోంచి వంపుకునే రాగి అంబలి. జ్వరానికి ఇదే మందని పెద్దల నమ్మకం.

ఈ వంటకు ముందు కావలసింది అడవి. చాలామంది పిల్లలకు దూరమైందీ అదే. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక వేలాది ఆదివాసులు ఊళ్లు వదిలి సరిహద్దు దాటారు. ఖమ్మం, భద్రాచలం అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. ఆదివాసీ యువకులకు ఆయుధాలిచ్చి ప్రత్యేక పోలీసులుగా వాడుకోవడం రాజ్యాంగవిరుద్ధమని 2011లో సుప్రీంకోర్టు తేల్చినా చాలా కుటుంబాలు వెనక్కి వెళ్లలేదు. నాడు తల్లి చంకనెక్కి వచ్చినవాళ్లు ఇప్పుడు తామే తల్లిదండ్రులయ్యే వయసులో ఉన్నారు. ఇక్కడివాళ్లు వారిని గుత్తికోయలంటారు.

ఒడిశాలోని మయూర్‌భంజ్ చీమల పచ్చడికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అదే రుచి ఎరిగి పెరిగిన గుత్తికోయల్లో చాలామంది మాత్రం గిరిజనులమన్న గుర్తింపు కోసం ఇంకా ఎదురుచూస్తున్నారు.