రెండో ప్రశ్న

మా చిన్నాయిన తాండూరులో బండలు పాలిష్ పట్టే యూనిట్‌లో పని చేస్తాడు. కొన్నేళ్ల కిందట ఆయనకి టీబీ అని తేలింది. ఆరు నెలల కోర్సు మొదలుపెట్టారు. నాలుగో నెలలో దగ్గు తిరగబెడితే వికారాబాద్‌లో ఒక ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను.

"మందులు రోజూ వేసుకుంటున్నారా?" కుర్ర డాక్టరు అడిగాడు.

"ఏసుకుంటున్న సార్."

డాక్టరు రాసుకున్నాడు. తలుపు బయట పెద్ద లైను. పక్కన కూర్చున్న నేనూ తలూపాను.

కఫం పరీక్షకి డబ్బా ఇస్తూ ఒక పెద్ద సిస్టర్ అడిగింది: "ఇయ్యాల ఏ యాళ్లకు ఏసుకున్నవ్ అన్నా?"

"ఇయ్యాల పనికి పోలే గదక్కా."

అప్పుడు బయటపడింది. గోలీలు యూనిట్‌లో, సద్ది సంచిలో ఉంటాయి. ఇంట్లో పెట్టడు. బిడ్డకి సంబంధాలు చూస్తున్నారు, వచ్చినోళ్ల కంట పడితే ఎలా? పనికి పోయిన రోజు వేసుకుంటాడు. ఆ నెలల్లో పని సగం రోజులే ఉంది. ఆయన చెప్పింది అబద్ధం కాదు. "రోజూ" అన్న మాటకి డాక్టరుకి ఒక అర్థం, ఆయనకి ఒక అర్థం.

వికారాబాద్ పక్కనే అనంతగిరి గుట్ట మీద నిజాం కాలంలోనే క్షయ రోగులకి శానిటోరియం కట్టారు. అప్పట్లో మంచి గాలి, విశ్రాంతి, తిండే వైద్యం. ఇప్పుడు గోలీ ఉంది, ఉచితంగా ఇస్తున్నారు. కానీ ఆ గోలీ నోటిదాకా వెళ్లే దారిలో కూలీ, సిగ్గు, పెళ్లి సంబంధం అడ్డం ఉన్నాయి. వాటిని ఏ ఫార్మకాలజీ పుస్తకం చెప్తుంది?

మా ఇంటర్‌లో ఎంపీసీ, బైపీసీ పిల్లలం చాలామందిమి తెలుగు వదిలేసి సంస్కృతం తీసుకున్నాం. భాష మీద ప్రేమతో కాదు, మార్కుల కోసం. ఒక మనిషి మాట వెనక ఏముందో ఆలోచించే ఒక్క క్లాసూ అలా పోయింది. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో నైతికత, సంభాషణల మీద 'ఎట్‌కామ్' మాడ్యూల్ పెట్టారు. మంచి పనే. అందులో కథలు కూడా చదివిస్తే బాగుంటుందనిపిస్తుంది. చెకోవ్ డాక్టరు, క్షయతోనే 1904లో పోయాడు. ఆయన 1886లో రాసిన ఒక కథలో, కొడుకు చనిపోయిన బండివాడు ఆ సంగతి చెప్పుకోవాలని ఎక్కినవాళ్లందరితో మాట కలుపుతాడు. ఎవరూ వినరు. చివరికి గుర్రానికి చెప్పుకుంటాడు. వార్డుకి వెళ్లేముందు ఆ కథ చదివి, 'వాళ్లు ఏం అడిగుండాల్సింది?' అని గంటసేపు మాట్లాడుకుంటే చాలు.

సిస్టర్ చెకోవ్‌ని చదివిందా అంటారేమో. ఆమెది ఆ చుట్టుపక్కల ఊరే, ఆ ఇళ్లు ఆమెకి తెలుసు. తెలియని ఊరి నుంచి వచ్చే డాక్టరుకి ఆ ఇళ్లలోకి కాస్త దారి చూపించేది కథే.

చదివినంత మాత్రాన వచ్చేస్తుందనీ అనను. చెకోవ్ మీద వ్యాసం రాసినవాణ్ని, సొంత చిన్నాయిన పక్కన కూర్చుని నేనూ ఆ రెండో ప్రశ్న అడగలేదు. అందుకే దాన్ని ఎవరో ఒకరు పనిగట్టుకుని నేర్పాలి.

చిన్నాయిన కోర్సు మళ్లీ మొదలుపెట్టి పూర్తి చేశాడు. గోలీల డబ్బా ఈసారి ఇంట్లోనే, టీవీ పక్కన ఉండేది.